వెనక యాక్సిల్ మార్చాలంటే పానా కంటే ముందు టేపు పట్టాలి

బండి కింద దూరి చూస్తే వెనక యాక్సిల్‌ని (రెండు వెనక చక్రాల్నీ కలిపే ఇరుసుని) పట్టి ఉంచేవి పెద్దగా ఏమీ కనిపించవు. రెండు కమాను కట్టలకీ (పట్టీ స్ప్రింగులకీ) కలిపి నాలుగు యూ బోల్టులు, ఇంజన్ తిప్పుడుని యాక్సిల్‌కి అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి నాలుగు బోల్టులు, రెండు షాక్ అబ్జార్బర్లు, ఒక బ్రేక్ పైపు, హ్యాండ్ బ్రేక్ కేబులు. అంతే. అందుకే మారుతీ జిప్సీయో పాత మహీంద్రా జీపో ఉన్నవాళ్ళకి ఇది ఆదివారం మొదలెట్టి సోమవారం ఆఫీసుకి అదే బండిలో పోయే పనిలా అనిపిస్తుంది. బెంగళూరు అపార్ట్‌మెంటు బేస్‌మెంట్లలో, వైట్‌ఫీల్డ్ అవతల ఖాళీ సైట్లలో వెనక చక్రాల్లేకుండా నెలల తరబడి స్టాండ్ల మీద నిలబడ్డ జీపులు అప్పుడప్పుడు కనిపిస్తాయి. వాటి ఓనర్లకి బోల్టులు విప్పడం రాక కాదు. తెచ్చుకున్న యాక్సిల్ బండికి కుదరక.

కుదరకపోవడం అంటే ఏమిటో చెప్పుకోవాలి. యాక్సిల్ ఒక్క ముక్కలా కనిపిస్తుంది గానీ, అది బండిలో చాలా చోట్ల వేరే వేరే భాగాలతో లెక్క కలవాలి. ముందు యాక్సిల్‌తో పళ్ళ చక్రాల రేషియో కలవాలి. కమాను కట్టలతో వెడల్పు కలవాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో పొడవూ, కోణమూ కలవాలి. బ్రేకు నూనెని తోసే మాస్టర్ సిలిండర్‌తో బ్రేకులు కలవాలి. చక్రాలతో స్టడ్లు (చక్రం నట్లు పట్టే బోల్టులు) కలవాలి. చివరికి ఆర్సీ కాగితంతో కూడా కలవాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మిగతావన్నీ సరిగ్గా ఉన్నా ప్రయోజనం లేదు.

ఎందుకు మారుస్తారన్నది తొందరగా చెప్పేసుకుందాం. లోపల చక్రాన్ని తిప్పే షాఫ్ట్ విరిగిందనో, క్రౌన్ (లోపలి పెద్ద పళ్ళ చక్రం) పళ్ళు పోయాయనో మార్చేవాళ్ళు ఉంటారు. హౌసింగ్ (బయటి గొట్టం) వంగిపోయి మార్చేవాళ్ళు ఉంటారు. పెద్ద టైర్లు వేశాక బండి లాగడం లేదని వేరే రేషియో కోసం చూసేవాళ్ళు, రెండు చక్రాల్నీ వేరు వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కి లాక్ ఉన్నది కావాలనుకునేవాళ్ళు, వెడల్పు ఎక్కువ ఉంటే వాలులో బండి స్థిరంగా ఉంటుందని కోరుకునేవాళ్ళు ఇంకో రకం. మొదటి రకానికి అదే మోడల్ యాక్సిల్ దొరికితే చాలు, పని నిజంగానే తేలిక. తలనొప్పి అంతా రెండో రకానిదే. కొంచెం గట్టిగానే చెప్తాను: విరిగింది ఒక్క షాఫ్టే అయితే షాఫ్టే మార్చుకోండి. యాక్సిల్ మొత్తం దింపడానికి అది కారణం కాదు.

ఇంకో మాట. ఇక్కడ చెప్పేదంతా వెనక కమాను కట్టలు ఉన్న పాత బండ్ల గురించి. 2020లో వచ్చిన కొత్త థార్‌లో, 2023లో మన దగ్గరికి వచ్చిన జిమ్నీలో కూడా వెనక ఒకే ముక్కగా ఉండే గట్టి యాక్సిలే ఉన్నా, దాన్ని పట్టి ఉంచేవి లింకులూ కాయిల్ స్ప్రింగులూ. ప్రతి లింకు బ్రాకెట్టూ తన చోట తన కోణంలో ఉండాలి. పైగా బ్రేకునీ, బండి స్థిరత్వాన్నీ చూసుకునే ఏబీఎస్, ఈఎస్‌పీ సెన్సర్లు చక్రాల వేగం చూసి లెక్కలు వేసుకుంటాయి. అలాంటి బండికి వేరే యాక్సిల్ ఇంటి దగ్గర ఎక్కించడం మానుకోవడమే మంచిది.

రేషియో దగ్గరే అసలు చిక్కు

యాక్సిల్ మధ్య ఉబ్బెత్తుగా ఉండే గిన్నెలో రెండు ముఖ్యమైన పళ్ళ చక్రాలుంటాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పే చిన్నది పినియన్, అది తిప్పే పెద్దది క్రౌన్. క్రౌన్ పళ్ళని పినియన్ పళ్ళతో భాగిస్తే వచ్చేదే రేషియో. క్రౌన్‌కి 41, పినియన్‌కి 10 ఉంటే 4.10. అదే 41కి 9 అయితే 4.56. మహీంద్రా జీపులకి మూలమైన విల్లీస్ జీపుల్లో కొన్నిటికి 43కి 8, అంటే దాదాపు 5.38. అంకె పెరిగేకొద్దీ చక్రం దగ్గర లాగుడు పెరుగుతుంది, అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరగాల్సి వస్తుంది.

పెద్ద టైర్లకీ దీనికీ సంబంధం సూటిగా ఉంటుంది. 205/70 ఆర్15 టైరు ఎత్తు లెక్క ప్రకారం 668 మిల్లీమీటర్లు. దాన్ని తీసి 235/75 ఆర్15 వేస్తే 733 దాటుతుంది, అంటే సుమారు 10 శాతం ఎక్కువ. చక్రం ఒక చుట్టుకి 10 శాతం ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఇంజన్‌కి ప్రతి గేరూ 10 శాతం బరువవుతుంది. నంది కొండ ఎక్కేటప్పుడు మూడో గేరులో పోయే బండి రెండో గేరు అడుగుతుంది. స్పీడోమీటరు కేబులు ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్ళకి శక్తి పంచే పెట్టె) నుంచి వస్తుంది గనక మీటరు 60 చూపిస్తుంటే బండి నిజానికి 66లో పోతుంటుంది. ఇప్పుడు 4.10 తీసి 4.56 పెడితే రేషియో 11 శాతం పెరిగి, టైరు మింగేసిన లాగుడు తిరిగి వచ్చేస్తుంది, మీటరు కూడా దాదాపు సరైపోతుంది.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. అసలు సంగతి ముందు యాక్సిల్‌ది. జిప్సీ, పాత జీపు, పాత థార్ లాంటి బండ్లలో ఫోర్ వీల్ వేస్తే ముందూ వెనకా ప్రొపెల్లర్ షాఫ్టులు ఒకదానికొకటి బిగిసిపోతాయి. మధ్యలో తేడాని మింగడానికి ఇంకో డిఫరెన్షియల్ ఉండదు. వెనక 4.56, ముందు పాత 4.10 ఉన్నాయనుకోండి. రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతుంటే ముందు చక్రాలు పది చుట్లు తిరిగేలోపు వెనకవి తొమ్మిదే తిరుగుతాయి. అంటే బండి పది మీటర్లు పోయేసరికి ఏదో ఒక జత చక్రాలు దాదాపు మీటరు దూరం ఈడ్చుకుపోవాల్సిందే. బురదలో అయితే టైరు జారి సర్దుకుంటుంది. పట్టు దొరికే రాతి మీద జారదు, ఆ బిగుసు ట్రాన్స్‌ఫర్ కేసులోకో, షాఫ్టు చివర వంగి తిరిగే జాయింటు క్రాసులోకో, షాఫ్టులోకో పోతుంది. అన్నిట్లో బలహీనమైంది ముందు విరుగుతుంది. అందుకే రేషియో మార్చాలనుకుంటే వెనకది ఒక్కటే మార్చడం అనేది లేదు. ముందు క్రౌన్ పినియన్ కూడా మారాలి. ఖర్చు రెండింతలు. ఆ రెండో ఖర్చు మనసులో పెట్టుకోకుండా యాక్సిల్ కొనేసినవాళ్ళే ఎక్కువగా మధ్యలో ఆగిపోతారు.

మరి గుజిరీలో (పాత సామాన్ల బజారులో) నేల మీద పడి ఉన్న యాక్సిల్ రేషియో ఎంతో ఎలా తెలుస్తుంది? విప్పక్కర్లేదు. ఒక సుద్దముక్క చాలు. పినియన్ ఫ్లాంజి (ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు పట్టే బిళ్ళ) మీద ఒక గీత, దాని పక్కనే హౌసింగ్ మీద ఒక గీత గియ్యండి. ఒకవైపు హబ్‌ని (చక్రం బిగించే భాగాన్ని) పక్కనున్న కుర్రాణ్ణి కదలకుండా పట్టుకోమని, రెండో హబ్‌ని చేత్తో తిప్పండి. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం ఆగిపోతే రెండోది రెండు చుట్లు తిరిగితేనే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి హబ్‌ని ఇరవై చుట్లు తిప్పి, ఈలోపు పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. 41 వస్తే 4.10. నలభై అయిదున్నర దాటితే 4.56. రెండు చుట్లతో సరిపెట్టుకుంటే 4.1కీ 4.3కీ తేడా కంటికి దొరకదు, అందుకే ఇరవై. తిప్పేటప్పుడు లోపల గరగరమంటుందా, ఎక్కడైనా పట్టేసి వదులుతోందా అన్నది కూడా చేతికి తెలిసిపోతుంది. మీ బండి ముందు యాక్సిల్‌కీ ఇదే లెక్క ఇంట్లో వేసుకుని వెళ్ళాలి. పాత జీపు అయితే మరీ ముఖ్యం. ఈ ముప్ఫై నలభై ఏళ్ళలో దాంట్లో ఎవరు ఏం మార్చారో ఆర్సీలో రాసి ఉండదు.

కూర్చుంటుంది సార్

శివాజీనగర్ గుజిరీలోకి పోయి "అన్నా, ఇది వైడ్ ట్రాక్ జిప్సీదేనా?" అని అడిగితే, ఏ దుకాణంలోనైనా జవాబు ఒకటే: "అన్నీ ఒకటే సార్, కూర్చుంటుంది." కూర్చోదు. జిప్సీ 1985 చివర్లో వచ్చింది. 1993లో దాని ట్రాక్‌ని 90 మిల్లీమీటర్లు పెంచారు, వెనక చక్రాల మధ్య దూరం 1,310 మిల్లీమీటర్లయింది. అప్పట్నుంచే మడ్‌గార్డుల పక్కన ఆ ఉబ్బెత్తు అంచులు కనిపిస్తాయి. పాత సన్న యాక్సిల్‌ని వెడల్పు బండికి వేస్తే వెనక చక్రాలు ఒక్కోవైపు 45 మిల్లీమీటర్లు లోపలికి పోతాయి. చూడ్డానికే కాదు, మలుపులో, వాలులో బండి నడత కూడా మారుతుంది. దానికి స్పేసర్లు (హబ్‌కీ చక్రానికీ మధ్య పెట్టే బిళ్ళలు) వేస్తే సరిపోతుందనేవాళ్ళూ ఉన్నారు. స్పేసరు బేరింగు మీదా స్టడ్ల మీదా బరువు పెంచుతుంది. సరైన యాక్సిల్ దొరికేదాకా ఆగడం మేలు.

టేపుతో కొలవాల్సింది మూడు చోట్ల. ఒక హబ్ ముఖం నుంచి ఇంకో హబ్ ముఖానికి ఉన్న దూరం. కమాను కట్ట కూర్చునే సీట్ల నడిమి దూరం, ఆ సీటు వెడల్పు, దాంట్లో కమాను సెంటర్ బోల్టు తల దూరే గుంట కొలత. మూడోది పినియన్ ఫ్లాంజి, హౌసింగ్‌లో ఏ చివర నుంచి ఎంత దూరంలో ఉందన్నది. ఈ మూడోదాన్ని చాలామంది చూడరు. విల్లీస్ తరహా జీపుల్లో ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి షాఫ్ట్ బయటికొచ్చేది కుడి పక్కకి, అందుకే క్రౌన్ ఉండే గిన్నె కూడా యాక్సిల్ మధ్యలో కాకుండా కుడికి జరిగి ఉంటుంది. అలాంటి బండికి నడిమధ్యన గిన్నె ఉన్న యాక్సిల్ వేస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ పైనుంచి కిందికే కాకుండా పక్కకి కూడా వంకరగా పోతుంది. చక్రాల స్టడ్ల విషయంలో మాత్రం కాస్త అదృష్టం ఉంది. జిప్సీకీ విల్లీస్ వంశం జీపులకీ అయిదేసి స్టడ్లే, వాటి వలయం వ్యాసం 139.7 మిల్లీమీటర్లే. అయినా మధ్య రంధ్రం, రిమ్ము ఆఫ్‌సెట్టు (లోపలికో బయటికో ఎంత జరిగి ఉందన్నది) చూసుకోకుండా చక్రం మార్చుకోకూడదు.

షాఫ్ట్ రకం కూడా అడగాలి. మన జీపుల్లో ఎక్కువగా ఉండేది సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్. ఇందులో షాఫ్ట్ చక్రాన్ని తిప్పడంతో పాటు బండి బరువునీ మోస్తుంది. భుజాన కావడి పెట్టుకుని గిరగిరా తిరగమన్నట్టు. అది విరిగితే చక్రం కూడా ఊడి బయటికొచ్చే ప్రమాదం ఉంటుంది. లారీల్లో, యుద్ధకాలపు విల్లీస్ జీపుల్లో ఉండే ఫుల్ ఫ్లోటింగ్‌లో బరువంతా హబ్ బేరింగుల ద్వారా హౌసింగ్ మోస్తుంది, షాఫ్ట్ తిప్పడమే చేస్తుంది. విరిగినా చక్రం చోటులోనే ఉంటుంది.

కొనేముందు ఒక షాఫ్టైనా బయటికి లాగించి స్ప్లైన్లు (చివర చెక్కిన పొడవాటి గాట్లు) చూడండి. గీతలు తిన్నగా ఉండాలి. చివర్లో కొంచెం మెలి తిరిగినట్టు కనిపిస్తే ఆ షాఫ్ట్ ఇప్పటికే లొంగిపోయిందని, ఇంకో గట్టి దెబ్బకి విరుగుతుందని అర్థం. డ్రెయిన్ నట్టు విప్పించి నూనె చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు చేరాయి. డ్రెయిన్ నట్టు అయస్కాంతానికి సన్నటి ఇనప పిండి అంటుకుంటే మామూలే, ముక్కలు అంటుకుంటే వద్దు. హౌసింగ్ వంగిందేమో పీన్యాలోనో కలాసిపాళ్య వైపో మంచి లేత్ షాపులో చూపించవచ్చు. బండికి వేసి ఉన్న యాక్సిల్ అయితే రెండు వెనక టైర్ల ముందంచుల మధ్య దూరం, వెనకంచుల మధ్య దూరం హబ్ ఎత్తులో కొలిస్తే తేడా బయటపడుతుంది. బిల్లు తీసుకోవడం మర్చిపోవద్దు. పాత సామాను ఏ బండి నుంచి వచ్చిందో రేపెవరైనా అడిగితే చూపించడానికి చేతిలో కాగితం ఉండాలి.

కాగితాల మాట వచ్చింది కాబట్టి ఆర్సీ సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. పాడైన యాక్సిల్ తీసి అదే మోడల్‌ది వేస్తే అది రిపేరు. వేరే బండి యాక్సిల్ వేసి వెడల్పు పెంచితే మార్పు. 15 ఏళ్ళు దాటిన బండిని రిజిస్ట్రేషన్ పొడిగింపుకి ఆర్టీవోకి తీసుకెళ్ళి చూపించాల్సిందే కాబట్టి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే విషయమే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదీ ఒకటి.

కోణం

ఇప్పుడు ఎవరూ ఓపిగ్గా వివరించని విషయం. ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివర్లా ఉండే జాయింటు క్రాసు వంగి తిరగగలదు, కానీ వంగి తిరిగేటప్పుడు సమంగా తిప్పలేదు. ఒకవైపు ఒకే వేగంతో తిప్పుతున్నా రెండో వైపు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. వంపు 10 డిగ్రీలుంటే ఈ ఎగుడుదిగుడు ఒకటిన్నర శాతం అటూ ఇటూ. 20 డిగ్రీలుంటే 6 శాతం. అంత తేడాతో షాఫ్ట్ తిరిగితే బండి అంతా వణకాలి. వణక్కపోవడానికి కారణం రెండో క్రాసు. మొదటిది పాడుచేసినదాన్ని రెండోది సరిచేస్తుంది, ఒక షరతు మీద: రెండు చోట్లా వంపు సమానంగా ఉండాలి, షాఫ్ట్ రెండు చివర్ల యోకులూ (క్రాసుని పట్టే కొమ్ములు) ఒకే వరసలో ఉండాలి. అంటే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వచ్చే అవుట్‌పుట్ షాఫ్టూ, యాక్సిల్ పినియనూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలన్నమాట.

లిఫ్ట్ కిట్ వేసి బండి ఎత్తిన చాలామంది పినియన్ ముక్కుని ట్రాన్స్‌ఫర్ కేసు వైపు పైకెత్తితే షాఫ్ట్ తిన్నగా ఉంటుందనుకుంటారు. కింది క్రాసు దగ్గర వంపు పోతుంది, పైది అలాగే ఉంటుంది. సరిచేసేది లేక మొదటి క్రాసు తెచ్చిన ఊపంతా మిగిలిపోతుంది. అలా పినియన్‌ని ఎత్తిపెట్టడం సరైనది ఒక్క సందర్భంలోనే, ట్రాన్స్‌ఫర్ కేసు వైపు రెండు క్రాసులు పక్కపక్కనే ఉండే డబుల్ కార్డన్ జాయింటు వేసినప్పుడు. అది తన ఎగుడుదిగుడు తానే సరిచేసుకుంటుంది.

ఇంకో చిన్న మెలిక. కమాను కట్టల మీదున్న యాక్సిల్, యాక్సిలరేటర్ తొక్కగానే మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేపుతుంది. అందుకని నిలబడి ఉన్నప్పుడు ముక్కుని ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచుతారు. లాగేటప్పుడు లేచి సమాంతరానికి వస్తుంది. కొలవడానికి ఫోన్‌లోని లెవెల్ యాప్ చాలు. పినియన్ ఫ్లాంజి చదును ముఖానికి ఆనించి చూడాలి, బండి చదునైన నేల మీద, తన బరువు తన చక్రాల మీద మోస్తూ ఉండాలి. జాకీ మీద లేపి కొలిచిన కోణానికి విలువ లేదు.

అదే మోడల్ యాక్సిల్ అయితే కమాను సీట్లు కంపెనీ వెల్డు చేసినవే కాబట్టి ఈ గొడవ లేదు. వేరేది అయితే సీట్లు కోసి, కొత్తవి ఈ కోణం ప్రకారం పెట్టాలి. అక్కడ నా సలహా ఒకటే, వెల్డింగ్ ఇంటి దగ్గర వద్దు. గుర్తులు మీరు పెట్టండి, యాక్సిల్ దింపి మంచి వెల్డర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఒకేచోట పొడుగ్గా వెల్డు వేస్తే వేడికి గొట్టం వంగుతుంది. అటు కొంచెం ఇటు కొంచెం, మధ్యలో చల్లారనిస్తూ వేయాలి. ఎర్తు క్లిప్పు వెల్డు వేసే ముక్క పక్కనే పెట్టాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి వాటి ముఖాల మీద గుంటలు పెడుతుంది. బండి కింద ఉంచే టాకా (చిన్న వెల్డు) వేద్దామనేవాళ్ళకి గుర్తు చేయాల్సింది, జిప్సీలో పెట్రోల్ ట్యాంకు కూడా వెనకే ఉంటుందని.

విప్పే రోజు

చోటు ముందు చూసుకోవాలి. చదునైన కాంక్రీటు నేల కావాలి. వాన పడ్డాక మట్టి సైటులో స్టాండు ఒక పక్కకి దిగబడుతుంది. అపార్ట్‌మెంటు అయితే నూనె మరక పడకుండా కింద రేకు పరవండి, అసోసియేషన్‌తో పేచీ తప్పుతుంది.

స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టాలి. యాక్సిల్ కింద పెట్టే అలవాటు చాలామందికి ఉంటుంది, ఈరోజు దిగిపోయేది ఆ యాక్సిలే. ఇటుకలు, హాలో బ్లాకులు అసలు వద్దు, అవి చెప్పకుండా పగిలిపోతాయి.

ఇంతకంటే కనిపించని ప్రమాదం ఒకటుంది. గేరులో పెట్టి హ్యాండ్ బ్రేకు లాగేశాం, బండి కదలదు అనుకుంటాం. టూ వీల్‌లో ఉన్న బండికి గేరు పట్టు వెనక చక్రాలకి అందేది ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారానే. ఆ నాలుగు బోల్టులూ విప్పిన క్షణం నుంచి గేరు ఉన్నా లేనట్టే. హ్యాండ్ బ్రేకు వెనక డ్రమ్ముల్లో ఉన్న బండికి కేబులు తీయగానే అదీ పోతుంది. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది, షాఫ్ట్ విప్పగానే అది కూడా చక్రాన్ని పట్టుకోలేదు. నేల మీద మిగిలేది రెండు ముందు చక్రాలు, స్వేచ్ఛగా తిరుగుతూ. కాబట్టి వాటికి ముందూ వెనకా చెక్క అడ్డాలు బిగించి పెట్టాలి. ఫ్రీ వీలింగ్ హబ్బులుంటే (ముందు చక్రాల్ని షాఫ్ట్ నుంచి విడదీసేవి) లాక్ చేసి, ఫోర్ వీల్ వేసి, గేరులో ఉంచితే ముందు చక్రాల్ని ఇంజన్ కూడా పట్టి ఉంచుతుంది.

నట్లు తుప్పు పట్టి ఉంటాయి. ముందురోజు రాత్రే రస్ట్ స్ప్రే కొట్టి ఉంచండి. యూ బోల్టుల్ని కాపాడాలని చూడకండి, అవి ఒకసారి సాగితే మళ్ళీ అంత పట్టు పట్టవు. జేసీ రోడ్డులో కొత్తవి తెచ్చుకుని, పాతవి రాకపోతే కోసేయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కీ ఫ్లాంజికీ విప్పేముందే పంచ్‌తో గుర్తు పెట్టాలి. బ్రేక్ పైపు నట్టుకి మామూలు పానా వేస్తే మూలలు అరిగిపోతాయి, దానికి బ్రేక్ పైపు నట్లకే చేసిన ఫ్లేర్ నట్టు పానాయే వాడాలి. విప్పిన కొనకి రబ్బరు మూత పెట్టకపోతే మాస్టర్ సిలిండర్ ఖాళీ అవుతుంది.

జిప్సీలో కమాను కట్ట యాక్సిల్‌కి కింద ఉంటుంది. అంటే యూ బోల్టులు తీసినా యాక్సిల్ తిన్నగా వెనక్కి దొర్లదు, కట్టలు అడ్డం. వెనక షాకిల్ (కట్ట చివరని ఛాసిస్‌కి కలిపే లింకు) విప్పి కట్ట చివర కిందికి దించితే దారి దొరుకుతుంది. ఇద్దరు మనుషులు, రెండు జాకీలు కావాలి. యాక్సిల్ బరువంతా మధ్యలో ఉండదు, గిన్నె వైపుకి ఒరుగుతుంది. ఒక జాకీ మీద నిలబెడితే కచ్చితంగా తిరగబడుతుంది.

క్రౌన్ పినియన్ సెట్టింగ్ మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. పినియన్ ఎంత లోపలికి ఉండాలో షిమ్ములతో (పల్చటి రేకు బిళ్ళలతో) తేల్చాలి, బేరింగుల బిగువు కొలవాలి, పళ్ళ మధ్య సందు డయల్ గేజితో చూడాలి. ఈ సైజు యాక్సిళ్ళలో అది సాధారణంగా 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య. ఆ తర్వాత పళ్ళకి రంగు పూసి తిప్పి అచ్చు ఎక్కడ పడిందో చదవాలి. జిప్సీలో ఆ మొత్తం ముక్క హౌసింగ్ ముందు నుంచి బోల్టులు విప్పితే బయటికొస్తుంది, బల్ల మీద సెట్ చేయించుకుని తెచ్చుకోవచ్చు. జీపు యాక్సిల్‌లో హౌసింగ్ లోపలే చేయాలి గనక యాక్సిల్ మొత్తం మోసుకెళ్ళాలి. క్రౌన్, పినియన్ జతగా తయారవుతాయి. ఒక సెట్టులోది ఒకటి, ఇంకో సెట్టులోది ఒకటి కలిపి ఎవరైనా ఇస్తే తీసుకోకండి.

ఎక్కించేటప్పుడు కమాను సెంటర్ బోల్టు తల సీటు గుంటలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. కూర్చోకుండా బిగిస్తే బిగుసుకున్నట్టే ఉంటుంది, మొదటి గుంతలో యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది. యూ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, చివరి బిగింపు బండి నేల మీదకి దించాకే. షాకిల్, కమాను చెవి (ఐ) బోల్టులూ అంతే. గాల్లో బిగిస్తే బుష్షు రబ్బరు మెలి తిరిగి ఉండిపోతుంది.

బ్రేకుల్లో ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం అలవాటు. కొన్ని బండ్లలో బరువుని బట్టి వెనక బ్రేకు సర్దే వాల్వు కడ్డీ యాక్సిల్‌కి తగిలించి ఉంటుంది, దాన్ని వదిలేస్తే వెనక బ్రేకు తప్పుగా పడుతుంది. నూనె జీఎల్-5 రకం, 80డబ్ల్యూ-90, ఫిల్లర్ రంధ్రం అంచు దాకా. బ్రీదరుకి (హౌసింగ్ గాలి రంధ్రానికి) రబ్బరు గొట్టం వేసి ఎత్తుగా కట్టేయడం మర్చిపోకూడదు. వేడెక్కిన యాక్సిల్ వాగు నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదరు మూసుకుపోయి ఉంటే సీలు పక్కనుంచి నీళ్ళు పీలుస్తుంది. ఇందాక చెప్పిన పాల నూనె అలా వచ్చిందే.

మొదటి రోజు ఇరవై ముప్ఫై కిలోమీటర్లు మెల్లగా తిప్పి, ఆపి, హౌసింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉండొచ్చు, చెయ్యి పెట్టలేనంత కాలితే బేరింగు బిగువు ఎక్కువైనట్టు. తర్వాత చెవులకి పని. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఊళ వేసి, వదిలితే మారే శబ్దం క్రౌన్ పినియన్‌ది. కాలు పెట్టినా తీసినా సంబంధం లేకుండా వేగంతో పాటు పెరిగే వణుకు షాఫ్ట్ బ్యాలెన్సుది. కదిలేటప్పుడు, గట్టిగా లాగేటప్పుడు మాత్రమే వణికితే పినియన్ కోణం. మలుపు తిరిగితే గొంతు మార్చే హోరు చక్రం బేరింగుది. తొక్కి వదిలిన ప్రతిసారీ టక్కుమంటే ముందు యూ బోల్టులు, తర్వాత జాయింటు క్రాసులు చూడాలి.

కొత్త క్రౌన్ వేసి ఉంటే సుమారు 800 కిలోమీటర్ల దగ్గర మొదటి నూనె మార్చేయాలి, అప్పటిదాకా బరువులు లాగించకూడదు. యూ బోల్టులైతే అంతదాకా ఆగకూడదు. మొదటి వందా రెండొందల కిలోమీటర్లకే మళ్ళీ పానా వేసి చూస్తే దాదాపు ప్రతి నట్టూ ఇంకో పావు చుట్టు తీసుకుంటుంది.